నా బొమ్మల్లో పిల్లలంతా పెళ్ళికూతుళ్ళే

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తానంటూ మొదటిసారి ఒక ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళిన రోజు నా సంచిలో 40 బొమ్మలున్నాయి. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని ఒక్కొక్కటే చూశారు. బావిగట్టు దగ్గర పిల్ల, మేకపిల్లను ఎత్తుకున్న పిల్ల, వానలో గంతులు వేస్తున్న పిల్ల. అన్నీ చూసి, అంచులు సరిచేసి, కట్ట నా చేతికిచ్చారు. "గీత బాగుందమ్మా. కానీ మీ పిల్లలంతా పెళ్ళికూతుళ్ళలా ఉన్నారు" అన్నారు.

కోపం వచ్చింది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికాక కట్ట విప్పి చూసుకున్నాను. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఐదేళ్ళ పిల్లకు అంత పొడుగు మెడ, చెవుల దాకా సాగిన కళ్ళు, నడుము దిగిన జడ. ఆ మేకపిల్లను తీసేసి చేతిలో కొబ్బరిబోండాం పెడితే చాలు, తిన్నగా పీటల మీద కూర్చోబెట్టవచ్చు.

ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోవలసిన పని లేదు. మా మామయ్యకు విజయవాడలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉండేది. డిగ్రీ అయ్యాక అక్కడే డీటీపీ పనిలో, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పనిలో చేరాను. మాఘమాసం వస్తే అర్ధరాత్రి దాకా శుభలేఖలే. వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే "బాపు బొమ్మ పెట్టండి" అనేవారు. మామయ్య బీరువాలో ఒక లావుపాటి ఫైలు ఉండేది. పాత శుభలేఖల నుంచి కత్తిరించి దాచిన బొమ్మలు: పల్లకి, సన్నాయి, తెరచాటు, తలంబ్రాలు. వాటిని స్కాన్ చేసి, కోరల్‌డ్రాలో గీత గీతకూ మళ్ళీ గీసి శుభ్రం చేయడం నా పని. ఏడేళ్ళు చేశాను. ఒక మనిషి గీతను ఏడేళ్ళు మౌసుతో తడిమితే చేయి ఆయనదైపోతుంది. దానికి ప్రభావం అని పేరుందని కూడా అప్పుడు నాకు తెలియదు, జీతం అనుకున్నాను.

ఆ రోజు నుంచి నేను బొమ్మలు చూపించిన ప్రతివాళ్ళూ ఇచ్చిన సలహా ఒకటే. "మీ సొంత శైలి వెతుక్కోండి." రెండేళ్ళు వెతికాను. బాపు కనబడకూడదని కళ్ళను చుక్కలు చేశాను, మెడ తీసేశాను, గీతను కావాలని వణికించాను. జడను కత్తిరించి బాబ్డ్ హెయిర్ పెట్టాను. వచ్చిన బొమ్మలు బాపువి కావు, నావీ కావు. మందుల దుకాణంలో పిల్లల టానిక్ సీసా మీద ఉండే బొమ్మల్లా ఉన్నాయి.

అందుకే ఈ సలహా మీద నాకు తీరని కక్ష. సొంత శైలి సోఫా కింద పడిపోయిన తాళంచెవి కాదు, వంగి చూస్తే దొరకడానికి. పిల్లల బొమ్మల్లోకి రావాలనుకునే వాళ్ళు ప్రభావాలకు భయపడి పారిపోతే చేతిలో ఏమీ మిగలదు. ఇంకా నలుగురిని ఇంట్లోకి పిలవాలి. ఒక్క గురువే ఉంటే ఆయన ఇల్లంతా ఆక్రమిస్తాడు. నలుగురుంటే వాళ్ళలో వాళ్ళకు పడదు. ఆ పంచాయతీ తీర్చే పని మన చేతి మీద పడుతుంది. అప్పుడు పడే గీతను చూసి జనం శైలి అంటారు. అనకపోయినా నష్టం లేదు.

పిలవడమంటే చూసి మెచ్చుకోవడం సరిపోదు. చూసి గీయాలి. చేత్తో, కుంచెతో, ఒక మనిషిని నెలల తరబడి.

మొదట బాపు దగ్గరికే తిరిగి వెళ్ళాను. ఈసారి మౌసు లేకుండా, ఇండియన్ ఇంకు సీసా పెట్టుకుని. రోజుకో బొమ్మ. మొదటి వారంలోనే సిగ్గుపడ్డాను. ఏడేళ్ళు నేను ఆయన గీసిన గీతలనే చూశాను. గీయకుండా వదిలేసినవి ఒక్కసారీ చూడలేదు. కూర్చున్న మనిషి వీపు గీయరు. పైట అంచు ఒక చోట ఆగిపోతుంది, మిగిలిన వీపును మన కన్నే పూర్తి చేసుకుంటుంది. కంప్యూటర్ మీద శుభ్రం చేసేటప్పుడు అలాంటి చోట్ల గీత తెగిందనుకుని నేను కలిపేసేదాన్ని! ఎన్ని వందల పెళ్ళిళ్ళకు అలాంటి కార్డులు వెళ్ళాయో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తరువాత చందమామ. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన ఆ పత్రికలో దాదాపు ఆరు దశాబ్దాలు బొమ్మలు వేసి, 2020లో 96 ఏళ్ళ వయసులో పోయిన శంకర్ గారు చాలామందికి ఒక్క బొమ్మతోనే గుర్తు. భుజాన శవం, చేతిలో కత్తి, విక్రమార్కుడు. నేనూ దాన్నే ఎంచుకున్నాను. పదకొండు సార్లు గీశాను. నా విక్రమార్కుడు ప్రతిసారీ భుజం మీద తువ్వాలు వేసుకుని స్నానానికి వెళుతున్నవాడిలా వచ్చాడు. శవం గీయడం రాక కాదు, అది వచ్చింది. ఆ బరువును మోసే ఒళ్ళు గీయడం రాలేదు. నడుము ఎటు వంగాలి, అడుగు ఎంత దూరం పడాలి, మోసే భుజం పక్కన మెడ ఎంత కుంగాలి. శుభలేఖల్లో ఎవరూ ఏమీ మోయరు కదా, పల్లకీ బోయీలు తప్ప. వాళ్ళను కూడా మేము పువ్వుల అంచు పక్కన గోరంత చేసి పెట్టేవాళ్ళం.

చిత్రకారుడు వడ్డాది పాపయ్య (వ.పా.) గారి రంగుల జోలికి వెళ్ళాను కానీ నిలబడలేకపోయాను. ఆయన కూడా ఇంట్లో ఉన్న రవివర్మ కోదండరాముడి పటాన్ని చూసి గీయడంతో మొదలుపెట్టారని తెలిశాక మాత్రం ధైర్యం వచ్చింది. వ.పా. అంతటివారు నకలుతో మొదలుపెట్టగా లేనిది, శుభలేఖల ఆపరేటరుకు నామోషీ ఎందుకు?

నా చేతిని నిజంగా మలుపు తిప్పినవాడు తెలుగువాడు కాదు. మా నాన్న ఏలూరు రోడ్డులోని విశాలాంధ్ర పుస్తకాల షాపులో కొన్న సోవియట్ పుస్తకాలు కొన్ని అటక మీద ఉండేవి. ఇంగ్లీషులో అచ్చయిన రష్యన్ జానపద కథల పుస్తకం ఒకటి వాటిలో దొరికింది. బొమ్మలు ఇవాన్ బిలిబిన్‌వి. చుట్టూ అల్లికలాంటి అంచు, మధ్యలో చీకటి అడవి, ప్రతి ఆకుకూ నల్లటి గట్టు. చిన్నప్పుడు ఆ అడవిని చూసి భయపడి పుస్తకం మూసేసేదాన్ని. ఇప్పుడు భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను.

బిలిబిన్ 1876లో పుట్టాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లా చదివాడు. (మన బాపు గారూ 1955లో లా పట్టా పుచ్చుకుని బొమ్మల్లోకి వచ్చినవారే. ప్లీడరు గుమాస్తాలు ఇద్దరు మంచి యజమానులను పోగొట్టుకున్నారు.) గీతలో వణుకు ఉండదని తోటివాళ్ళు అతన్ని ఉక్కుచేతి ఇవాన్ అనేవారు. ముందు చిత్తు గీసుకుని, దాన్ని ట్రేసింగ్ పేపరు మీదకు, అక్కడి నుంచి మంచి కాగితం మీదకు దించి, మొన కత్తిరించిన కుంచెతో ఇంకు గీత గీసి, ఆపైన నీటిరంగులు నింపేవాడు. నేనూ ఒక కుంచె మొన కత్తిరించి చూశాను. లోహపు పాళీతో గీసినట్టు ఒకే మందంతో గీత వస్తుంది. బాపు గీత లావై సన్నమై ఊపిరి పీలుస్తుంది. ఇది బిగపట్టి ఉంటుంది. ఒకే చేయి ఉదయం అదీ, సాయంత్రం ఇదీ గీస్తుంటే మధ్యాహ్నానికి ఏమి చేయాలో దానికి తెలియలేదు. నాకు కావలసింది కూడా ఆ తికమకే.

ఇంకా పట్టుకుని లాగితే అతని వెనక ఇంకొందరు వచ్చారు. విక్టర్ వాస్నెత్సోవ్ వేసిన జానపద వీరుల చిత్రాన్ని 1899లో ఒక ప్రదర్శనలో చూసి బిలిబిన్ కదిలిపోయాడు. ఆ తరువాత 1902 నుంచి 1904 దాకా వోలోగ్దా, అర్ఖంగెల్స్క్ ప్రాంతాల్లో పల్లెలు తిరిగి, అల్లికలు, చెక్క ఇళ్ళు, పాత దుస్తులు చూసి రాసుకున్నాడు. ఇంతవరకూ మనం ఊహించగలిగిందే. 1905లో పుష్కిన్ కథకు వేసిన బొమ్మ ఒకటి ఉంది. రాణినీ బిడ్డనూ పీపాలో పెట్టి సముద్రంలో వదిలేస్తారు. ఆ సముద్రపు అలను చూడండి. నురుగు గోళ్ళలా వంగి ఉంటుంది. అది రష్యా అల కాదు. 1830ల మొదట్లో జపాన్‌లో హొకుసాయి చెక్క అచ్చుతో వేసిన అల. ఇంత రష్యన్ అని పేరు మోసిన పుస్తకంలో నడిమధ్యన జపాన్ సముద్రం! దాచిపెట్టలేదు, క్షమాపణ చెప్పలేదు, అరువు తెచ్చి చుట్టూ తన అంచు కట్టేశాడు.

నకలు కొడితే నకలుగాడివే అవుతావు అనేవాళ్ళకు నా దగ్గరున్న జవాబు ఆ అల. కానీ వాళ్ళ మాటలో సగం నిజముంది, అది ఒప్పుకోవాలి. నేర్చుకోవడానికి గీసిన నకలు బల్ల సొరుగులో ఉండాలి. బతికున్న చిత్రకారుల బొమ్మను చూసి గీసి, పేరు తీసేసి, పుస్తకానికి అమ్ముకోవడం దొంగతనం. ఇప్పుడైతే చేయి కూడా కదపనక్కరలేదు, ఫలానావారి శైలిలో కావాలని యంత్రాన్ని అడిగితే క్షణంలో ఇస్తుంది. ఇవ్వనివ్వండి. నా పదకొండు విక్రమార్కులు నాకు ఇచ్చిన నడుమునొప్పి దానికి రాదు, ఆ నొప్పి వల్ల తెలిసింది అడిగినవారికీ తెలియదు.

యంత్రం కంటే నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఫోను. బొమ్మలు నేర్చుకుంటున్నామని వచ్చే పిల్లలను మీకెవరు ఇష్టమని అడిగితే పేరు చెప్పలేరు. ఫోను తీసి వేలితో తోస్తూ చూపిస్తారు. చుక్కల కళ్ళు, బుగ్గల మీద గులాబీ రంగు గుండ్రాలు, ఒక మూల ఆకులు. బ్రెజిల్ నుంచి వచ్చిందో భీమవరం నుంచి వచ్చిందో చెప్పలేం. ఎవరి ప్రభావమో తెలియని ప్రభావం అన్నిటికంటే గట్టిది, ఎదురు తిరగడానికి మనిషి కూడా దొరకడు. నా పెళ్ళికూతురికైనా ఒక తండ్రి ఉన్నాడు.

బిలిబిన్ పల్లెలు తిరిగాడు కదా, నేనూ తిరుగుతానని చేర్యాల వెళ్ళాను. సిద్దిపేట జిల్లాలో ఉంది. నకాషీ పటాలకు పేరు. బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు. దాని మీద ఎర్రటి నేల, ఆ నేల మీద కథ. కులపురాణాలు చెప్పేవాళ్ళ కోసం పుట్టిన బొమ్మలివి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారిలాంటి వాళ్ళు పటాన్ని వేలాడదీసి, చుట్ట కొంచెం కొంచెంగా విప్పుతూ, పుల్లతో బొమ్మను చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవారు. అడ్డ పట్టీలు ఒకదాని కింద ఒకటి. విప్పనిదే ముందు ఏముందో తెలియదు. చూస్తూ నాకు ఒళ్ళు జలదరించింది. పేజీ తిప్పడం అంటే ఇదే కదా. బొమ్మల పుస్తకం అనే వస్తువును మనం పడమటి నుంచి దిగుమతి చేసుకున్నామని అనుకుంటున్నాం, దాని ఆయువుపట్టు ఇక్కడ గోడకు వేలాడుతోంది.

ఆ ఉత్సాహంలో తిరిగి వచ్చి ఒక పుస్తకమంతా ఎర్రటి నేల మీద వేశాను. పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద పెద్ద కళ్ళు, పువ్వుల పట్టీలు. సంపాదకురాలు చూసి, "పటంలా ఉందండీ. పాప ఎక్కడుందో మాత్రం నేను వెతుక్కోవలసి వస్తోంది" అన్నారు. మళ్ళీ నిజమే. పటంలో బొమ్మలన్నీ కిక్కిరిసి ఉన్నా ఇబ్బంది లేదు, పుల్ల పట్టుకుని చూపించే మనిషి పక్కనే ఉంటాడు. పుస్తకంలో పుల్ల లేదు. నేను పటం చర్మం వలుచుకొచ్చాను, పుల్లను అక్కడే వదిలేశాను.

మధ్యప్రదేశ్ గోండు చిత్రకారుడు భజ్జు శ్యామ్ లండన్ వెళ్ళి వచ్చి వేసిన బొమ్మలను చెన్నై తారా బుక్స్ 2004లో పుస్తకంగా వేసింది. అందులో బిగ్ బెన్ గడియారం కోడిపుంజు ఒంటిలో కలిసిపోయి ఉంటుంది. వాళ్ళ ఊళ్ళో సమయం చెప్పేది కోడి కనుక. దారి తప్పకుండా తనను చేర్చే బస్సు కుక్క అయింది. లండన్ చుట్టూ గోండు చుక్కల అంచు పెట్టి ఊరుకుని ఉంటే మనకు ఒక మంచి గ్రీటింగ్ కార్డు దక్కేది. అతను లండన్‌నే గోండులో ఆలోచించాడు. నేను చేర్యాలలో ఆలోచించలేదు, చేర్యాలతో అలంకరించాను. శుభలేఖల అలవాటు, అంత తేలిగ్గా పోతుందా.

ఆ పుస్తకాన్ని మళ్ళీ మొదలుపెట్టాను. ఎరుపు పాప గౌనుకు మాత్రమే మిగిలింది. ఇంకెక్కడా ఎరుపు లేదు. సంతలో వందమంది ఉన్నా కన్ను ముందు అక్కడికే పోతుంది. అదే నా పుల్ల. చూసినవాళ్ళు ఎవరూ అందులో చేర్యాలను గుర్తుపట్టలేదు. నాకు మాత్రం ఆ పుస్తకమంత చేర్యాల నేను ఇంకెక్కడా వేయలేదనిపిస్తుంది.

ఇన్ని చెప్పాను కానీ పెళ్ళికూతురి మెడ సంగతి ఏ గురువూ తేల్చలేదు. ప్రెస్సు పక్క సందులో అంగన్‌వాడీ ఉంది. అక్కడి ఆయమ్మతో నాలుగు మాటలు మంచిగా మాట్లాడి, రోజూ పదకొండింటికి పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునేదాన్ని. పెద్దవాళ్ళ ఎత్తు ఏడు, ఏడున్నర తలలు. రెండేళ్ళ పిల్ల ఎత్తు దాదాపు ఐదు. ఇది పుస్తకాల్లో ఉన్నదే. గుమ్మం దగ్గర తెలిసిందేమిటంటే వాళ్ళకు మెడ కనబడదు. గడ్డం దాదాపు ఛాతీ మీదే ఉంటుంది. పొట్ట ముందు నడుస్తుంది, పిల్ల వెనక వస్తుంది. కుళాయి దగ్గర ఒక పిల్ల గ్లాసు అందుకోవడానికి ఒంటికాలి మునివేళ్ళ మీద లేచి, రెండో పాదంతో ఆ కాలి పిక్కను గోక్కుంటోంది. నీళ్ళు, దోమ, రెండు పనులూ ఒకేసారి. ఆ నిలుచున్న తీరు బాపులో లేదు, బిలిబిన్‌లో లేదు. కానీ వాళ్ళ దగ్గర కూర్చోకపోతే దాన్ని మూడు గీతల్లో పట్టుకునే చేయి నాకు లేదు. పిల్ల పాదం దింపేసే లోపల అయిపోవాలి.

కొత్తగా వచ్చేవాళ్ళకు ప్రెస్సు మనిషిగా ఒక మాట, దీన్ని ఏ కళాశాలలోనూ చెప్పరు. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు ఎందుకుంటుందో తెలుసుకోండి. ఒక పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే 16 పేజీల ఫారాలు రెండు. కాగితం మడత కథను కోస్తుంది. డమ్మీ, అంటే ఖాళీ కాగితాల నమూనా పుస్తకం, కట్టుకోకుండా బొమ్మ మొదలుపెడితే మీ పాప ముక్కు సరిగ్గా రెండు పేజీల మధ్య కుట్టులోకి పోతుంది. నాది పోయింది. అక్షరాల సంగతి ఇంకోటి. ఇంగ్లీషు పుస్తకాలు చూసి నేర్చుకున్నవాళ్ళు అక్షరాలకు వదిలే జాగా తెలుగుకు చాలదు. మనకు గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి వేలాడతాయి, వరుసకూ వరుసకూ మధ్య ఊపిరి కావాలి. చందమామలో ఒకే బొమ్మ ఎన్నో భాషల సంచికల్లో అచ్చయ్యేది, పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్‌లో ఇప్పటికీ అంతే. అలా పనిచేసినవాళ్ళు బొమ్మలోనే ఎక్కడ ఖాళీ ఉంచారో చూడండి. ఆకాశం ఊరికే అంత పెద్దగా ఉండదు.

డబ్బు గురించి అడుగుతారు. ప్రెస్సు మానలేదు. అంతకంటే చెప్పను.

పోయిన ఏడాది ఆ ఎర్రగౌను పుస్తకం పట్టుకుని ఒక మునిసిపల్ స్కూలుకు వెళ్ళాను. చదివి వినిపించాక రెండో తరగతి పిల్లలకు కాగితాలు పంచి, ఇష్టమొచ్చిన బొమ్మ వేయమన్నాను. ఒక పిల్ల నా పాపనే ఎదురుగా పెట్టుకుని చూసి గీసింది. నాలుక బయటపెట్టి, అరగంట. మునివేళ్ళ మీద నిలబడటం దింపేసింది. పిక్క గోక్కునే పాదాన్ని అచ్చంగా గీసింది. పొట్ట కూడా సరిగ్గా వచ్చింది. నాకు నెలలు పట్టింది మరి! పొంగిపోతూ ఇంకాస్త దగ్గరికి వంగి చూశాను. కళ్ళు చెవుల దాకా లాగింది. తల కింద రెండు గీతలు గీసి మెడ పెట్టింది. వెనక నుంచి నడుము దిగేలా జడ వేసి, చివర కుచ్చులు కడుతోంది.

"మీ పాపకు జడ వేయడం మరిచిపోయారు మేడం" అంది, తల ఎత్తకుండానే.

కొబ్బరిబోండాం ఒక్కటే తక్కువ.